పెరట్లోని చేతి పంపు: నాలుగు వానాకాలాల వాడకం తరువాత

తుపాను హెచ్చరిక వినగానే నేను ముందుగా వెళ్లి చూసుకునే వస్తువు పెరట్లోని చేతి పంపు. ఇన్వర్టరు, టార్చిలైటు, గ్యాసు బండ అన్నీ ఆ తరువాతే. మైపాడు తీరానికి ఆరు కిలోమీటర్లు లోపలగా, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఉన్న మా ఇంట్లో ఈ పంపును 2022 ఫిబ్రవరిలో వేయించాము. మా వైపు దీన్ని ఇప్పటికీ బోరింగు అనే అంటారు. పోత ఇనుముతో చేసిన ఈ పంపు ఎలా ఉంటుందో పల్లెలో పుట్టిన వారికి చెప్పనవసరం లేదు కనుక, దీన్ని నమ్ముకున్న మాకు ఇది ఎప్పుడు అండగా నిలిచిందో, ఎప్పుడు మొండికేసిందో మాత్రమే రాస్తున్నాను.

దీన్ని వేయించడానికి కారణం 2021 నవంబరు. ఆ నెలలో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లెక్కి రైళ్లు నిలిచిపోయిన రోజుల్లో, మా ఊరికి మూడు రోజులు కరెంటు లేదు. చుట్టూ పొలాలన్నీ నీళ్లలో మునిగి ఉన్నా మా మిద్దె మీది ట్యాంకులో చుక్క లేదు. ఇంట్లో అయిదుగురం, కొట్టంలో రెండు బర్రెలు. ఆ రెండింటికే తాగడానికీ కడగడానికీ కలిపి రోజుకు వంద లీటర్లకు తక్కువ కాకుండా కావాలి. ఇన్వర్టరు ఉన్నది కదా అని అడిగేవారికి ఒక్క మాట. ఫ్యాన్లకూ దీపాలకూ కొన్న చిన్న ఇన్వర్టరు ఒక హార్సుపవరు మోటారును లేపలేదు, ఎందుకంటే మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది మామూలుగా లాగే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. పంచాయతీ కుళాయిలకు నీళ్లు ఎక్కించేదీ కరెంటు మోటారే కాబట్టి అవీ ఆగిపోయాయి. చివరకు టెంటు హౌసు జనరేటరును ట్రాక్టరు మీద ఇల్లిల్లూ తిప్పి ట్యాంకులు నింపించుకున్నాము. మా వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

పంపు, పైపు, ఫిల్టరు, సిమెంటు దిమ్మె, కూలి కలిపి మాకు 12,000 రూపాయలయ్యాయి. మాది ఇసుక నేల. వానలు పడ్డ కాలంలో ఎనిమిది అడుగుల్లోనూ, మే నెలలో పదహారు అడుగుల్లోనూ నీళ్లు అందుతాయి. ఈ రకం పంపు చేసేదల్లా పైపులోని గాలిని లాగివేయడం. ఆ ఖాళీలోకి నీటిని నెట్టేది బయటి గాలి ఒత్తిడి. అందువల్ల ఎంత మంచి పంపైనా ఆచరణలో ఏడు మీటర్ల లోతు, అంటే సుమారు ఇరవై మూడు అడుగులు దాటితే నీటిని పైకి తేలేదు. మా ఇంట్లో ఈ లెక్క సరిపోయింది. పదిహేను లీటర్ల బిందె ఇరవై అయిదు సార్లు పిడి కొడితే నిండుతుంది, మా అబ్బాయి కొడితే ఇంకా ముందే నిండుతుంది.

మేము ఎదురుచూడని మేలు ఒకటి కలిగింది. డెబ్బై అడుగుల లోతున్న మా మోటారు బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, అన్నం వండితే రంగు మారుతుంది. అదే పెరట్లో ఇరవై అయిదు అడుగుల్లో దించిన చేతి పంపు నీళ్లు తియ్యగా ఉన్నాయి. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో వాననీరు ఇంకి, బరువైన ఉప్పునీటి మీద ఒక పలుచని పొరగా తేలి ఉంటుంది. మోటారు లోతు నుంచి బలంగా పీల్చినప్పుడు కింది ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. చేతి పంపు పై పొర నుంచి మెల్లగా తీసుకుంటుంది కాబట్టి ఆ తీపి చెడలేదు. చుట్టూ రొయ్యల గుంటలు పెరిగిపోయిన ఈ కాలంలో మంచినీటి బిందె ఇంటి వెనుకే దొరకడం నాకు ఎంత సంతోషం కలిగించిందంటే, మొదటి ఏడాది వచ్చిన చుట్టాలందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చి తాగి చూడమన్నాను. ఆ పొగడ్తలో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి ఉంది, దాన్ని కిందనే చెబుతాను.

అసలు పరీక్ష 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను. అది మా తీరాన్ని ఆనుకుని ఉత్తరంగా కదిలి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. 2వ తేదీనే మేము చేయవలసినవన్నీ చేశామనుకున్నాము. మిద్దె మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టించాము, మునగ చెట్టు కొమ్మలు తీయించాము, వరిగడ్డి వామి మీద పట్ట కప్పి తాళ్లతో బిగించాము, పొలం కాగితాలు పాలిథీన్ సంచిలో కట్టి అటక మీద పెట్టాము, ఫోన్లు చార్జింగు పెట్టి ట్యాంకు నిండుగా నింపాము. పంపు జోలికి మాత్రం వెళ్లలేదు. కరెంటు అక్కరలేని వస్తువు కనుక అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందని మా నమ్మకం. మోటారు ఉండగా చేతులు నొప్పి పెట్టుకోవడం ఎందుకని, వేసవి అయిపోయిన దగ్గర నుంచి దాన్ని ఎవరమూ కొట్టలేదు.

4వ తేదీ తెల్లవారుజామున కరెంటు పోయింది. ట్యాంకులోని వెయ్యి లీటర్లు మరునాటి సాయంత్రానికి అయిపోయాయి. గాలి కొంచెం తగ్గాక నేను పంపు దగ్గరకు వెళ్లి పిడి నొక్కాను. చేతికి ఏ బరువూ తగలలేదు. పిడి వదులుగా కిందికీ పైకీ ఊగుతున్నది, మూతి నుంచి గాలి పీల్చి వదిలే చప్పుడు తప్ప మరేమీ రావడం లేదు. యాభై సార్లు కొట్టాను, నా బదులు అబ్బాయి కొట్టాడు. గొడుగు కింద నిలబడి చూస్తున్న పక్కింటి అవ్వ, "దాని గొంతు తడపకుండా ఎట్టా పలుకుతుంది నాయనా, ముందు చెంబెడు నీళ్లు పొయ్యి" అని చెప్పింది. మా దగ్గర ఉన్న నీళ్లంటే తాగడానికి ఉంచుకున్న ఇరవై లీటర్ల క్యాను, కొట్టం రేకుల చూరు కింద నిండిన ఒక గంగాళం మాత్రమే. ఆ గంగాళం బర్రెలకు ఉంచుదామా, పంపుకు పోద్దామా అని మా ఇంట్లో కాసేపు చర్చ జరిగింది. చివరకు సగం పోశాము. పోసిన నీళ్లన్నీ నిలవకుండా కిందికి జారిపోయాయి.

అప్పుడు మూత విప్పక తప్పలేదు. తుప్పు పట్టిన బోల్టులకు కొబ్బరినూనె రాసి, స్పానరు మీద సుత్తితో మెల్లగా తట్టి వదులు చేయడానికి గంట పట్టింది. పిడి కొట్టినప్పుడు గొట్టంలో పైకీ కిందికీ కదిలే పిస్టన్‌కు తొడిగిన తోలు వాషరు చేతిలోకి తీసుకుంటే ఎండిన చింతకాయ తొక్కలా గట్టిపడి ఉంది. కప్పు ఆకారంలో విచ్చుకుని గొట్టం గోడను ఒరుసుకుంటూ కదలవలసిన అంచులు లోపలికి ముడుచుకుపోయాయి. పైకి వచ్చిన నీరు తిరిగి జారకుండా ఆపే అడుగు వాల్వు మీది తోలు రేకు కింద రెండు ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. ఆ రెండు రేణువుల సందులోంచే మేము పోసిన నీరంతా తిరిగి నేలలోకి వెళ్లిపోయింది. రేణువులు తీసి, రెండు తోళ్లనూ రాత్రంతా వాననీటిలో నానబెట్టి, పొద్దున మెత్తబడ్డాక ఆముదం పట్టించి తొడిగాము. రెండు చెంబుల నీళ్లు పోసి కొట్టడం మొదలుపెట్టగానే ముందు బుడగల చప్పుడు వచ్చింది. నలభై సార్ల తరువాత పిడి ఒక్కసారిగా బరువెక్కింది. ఆ బరువు చేతికి తగిలినప్పుడు కలిగిన ఊరటను నేను ఇప్పటికీ మరచిపోలేదు. మొదట తుప్పు రంగు నీళ్లు, తరువాత ఇసుక కలిసిన నీళ్లు, మూడో బిందె నుంచి తేట నీళ్లు వచ్చాయి. 8వ తేదీన కరెంటు వచ్చేదాకా మా ఇల్లూ, అవ్వ ఇల్లూ, ఎదురింటి వారూ ఆ పంపు మీదనే గడిపాము.

ఆ అనుభవం తరువాత మూడు పనులు చేశాము. ప్రతి ఉదయం బర్రెల తొట్టికి రెండు బిందెలు ఈ పంపుతోనే కొడుతున్నాము, దానివల్ల తోలు ఎండడం లేదు. రెండు తోలు వాషర్లు, ఒక వాల్వు తోలు అదనంగా కొని, ఆముదం రాసి మూత ఉన్న సీసాలో ఉంచాము. ఖర్చు రెండు వందలు కూడా కాలేదు. మూడవది దిమ్మె. మొదట అరడుగు ఎత్తులో కట్టిన దిమ్మె చుట్టూ మిచౌంగ్ వానకు నీళ్లు నిలిచి పైపు పక్క నుంచి లోపలికి దిగాయి. దాన్ని రెండడుగులకు పెంచి, నీరు దూరంగా పోయేలా వాలు కాలువ తీయించాము.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు ఇది మమ్మల్ని ఒక్క నిమిషమైనా ఇబ్బంది పెట్టలేదు. 28వ తేదీ రాత్రి అది నరసాపురం వైపు ఒడ్డు దాటింది కనుక మా మీద గాలి అంతగా లేదు గానీ, వాన గట్టిగానే పడింది, కరెంటు రెండు రోజులు లేదు. రెండు రోజుల ముందే మూత విప్పి తోళ్లు చూసి మళ్లీ బిగించాము. నాలుగు ఇళ్ల వారు బిందెలతో వచ్చారు. పంపు ఆగలేదు.

ఇక తియ్యని నీళ్ల సంగతి. వానాకాలంలో ఈ నీటిని మేము ఇప్పుడు తాగడం లేదు. మా మరుగుదొడ్డి గుంట పంపుకు నలభై అడుగుల దూరంలోనే ఉంది. ఇసుక నేలలో నీరు త్వరగా ఇంకుతుంది, తక్కువ లోతు నుంచే మేము నీరు తీసుకుంటున్నాము, వరద నీరు చుట్టూ నిలిచినప్పుడు రెండూ కలిసే ప్రమాదం కళ్లకు కనిపిస్తూనే ఉంది. నీటి రుచి ఆ మలినాన్ని పట్టించదు. తాగవలసి వస్తే కాచి చల్లార్చుతాము, లేదా ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఉంచుతాము. చుట్టాలకు గ్లాసులతో ఇచ్చిన మొదటి ఏడాది నాకు ఈ ఆలోచన లేకపోవడం పొరపాటే. మే నెలలో నీటి మట్టం దిగినప్పుడు పిడి బాగా బరువెక్కుతుంది. భుజం నొప్పి ఉన్న మా అమ్మ అప్పుడు ఒక బిందె కూడా కొట్టలేకపోతుంది. ఇంట్లో వయసు మళ్లిన వారు మాత్రమే ఉంటే, తుపాను వేళ పంపు బాగుండి కూడా పక్కవారి సాయం కోసం చూడవలసి వస్తుంది.

మా వీధి చివర ఒకప్పుడు అందరికీ నీళ్లిచ్చిన బోరింగు ఉండేది. కుళాయిలు వచ్చాక దాని పిడి విరిగినా ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు అక్కడ ఇనుప గొట్టం మాత్రమే మిగిలింది. అది లోతు బావులకు పనికొచ్చే రకం, కింద సిలిండరు ఉండి కడ్డీలతో నీటిని పైకి ఎత్తుతుంది. దాన్ని బాగు చేయించి ఉంటే 2021లో సగం ఊరికి జనరేటరు అవసరం ఉండేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంత చెప్పి కూడా అందరినీ ఇదే వేయించుకోమనలేను. తీరం వెంబడి ఇసుక నేల, పైపైనే నీళ్లు, పిడి కొట్టగల ఇద్దరు మనుషులు, కొట్టంలో పశువులు ఉండడం వల్ల మా ఇంటికి ఇది సరిపోయింది. ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట ఊళ్లలో నీరు వందల అడుగుల లోతులో ఉంటుంది, అక్కడ ఈ రకం పంపు ఒక చుక్క కూడా తేలేదు. తీరం వైపు ఊళ్లలోని వారైనా మే నెలలో తమ పెరటి నీటి మట్టం ఇరవై అడుగులు దాటుతున్నదో లేదో, మరుగుదొడ్డి గుంట ఎంత దూరంలో ఉన్నదో టేపుతో కొలుచుకున్న తరువాతే మేస్త్రికి కబురు పెట్టాలి.