కోర్సెయిర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ 3200 ర్యామ్: తొలిసారి వేగం మార్చేవారికి తగినదేనా?

కోర్సెయిర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ డీడీఆర్4 3200 కిట్‌ను, అంటే ఒకే పెట్టెలో వచ్చే రెండు 8 జీబీ స్టిక్కులను, నల్లగొండలోని మా ఇంట్లో రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు ఉన్న సిస్టమ్‌లో వాడుతున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బయోస్‌ను, అంటే విండోస్ మొదలుకాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెరను, ఎన్నడూ తెరవని వారికి ఈ కిట్ తగినదా అన్నదే ఈ సమీక్షలో చూస్తున్నాను. తగినదేనని నా అభిప్రాయం. అయితే పెట్టె మీది 3200 అనే వేగం (సెకనుకు అన్ని మిలియన్ సార్లు డేటా పంపడం) దానంతటది రాదని ముందే తెలిసి ఉండాలి.

బిగించి ఆన్ చేయగానే నా కిట్ 2133 దగ్గరే నడిచింది. అది లోపం కాదు. ఏ బోర్డులో పెట్టినా కంప్యూటర్ ఆన్ కావాలి కాబట్టి, స్టిక్ మీద ఉండే చిన్న చిప్‌లో 1.2 ఓల్టులతో నడిచే సురక్షితమైన వేగం ఒకటి రాసి ఉంటుంది. కంపెనీ పరీక్షించిన 3200 వేగం, 16 లేటెన్సీ (అడిగిన డేటా రావడానికి పట్టే ఆలస్యం), 1.35 ఓల్టుల వివరాలు అదే చిప్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌గా, అంటే సిద్ధంగా ఉంచిన సెట్టింగుల జాబితాగా, వేరుగా ఉంటాయి. దాన్ని ఎంచుకోవలసింది మనమే. నాకు సిస్టమ్ బిగించి ఇచ్చిన దుకాణంవారు ఆ పని చేయలేదు, చెప్పనూ లేదు. బిగింపు ఛార్జీ తీసుకునేవారు ఈ చిన్న పని కూడా చేసి ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆ తరువాత మెమరీ నొక్కితే అసలు వేగం కనిపిస్తుంది. సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రాం 1600 అని చూపితే కంగారు పడనక్కర్లేదు. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కనుక అది 3200 కిందే లెక్క.

మార్చే పద్ధతి సులువే. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ఎక్స్‌ఎంపీ అని గానీ, కొన్ని ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ అని గానీ ఉన్న ఐచ్ఛికాన్ని ఎంచుకుని, ఎఫ్10తో సేవ్ చేయాలి. కొత్తవారు భయపడేది ఆ తరువాతే. తెర నల్లగా ఉండిపోతుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, సిస్టమ్ ఒకటి రెండుసార్లు తనే ఆగి మళ్లీ మొదలవుతుంది. బోర్డు ఆ సమయంలో కొత్త వేగానికి ర్యామ్‌ను సరిచూసుకుంటుంది. స్విచ్ ఆపకుండా కాసేపు ఓపిక పట్టాలి. వేగం కుదరకపోతే చాలా బోర్డులు తామే పాత వేగానికి వస్తాయి. అలా రాకపోతే ప్లగ్ తీసేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కాసేపు తీసి పెడితే సెట్టింగులు మొదటికి వస్తాయి.

లాభం ఎంత? టైపింగ్‌లో, బ్రౌజింగ్‌లో తేడా తెలియదు. గేముల్లో మాత్రం స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు. అది కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులు కలిసి 2133 దగ్గర సెకనుకు గరిష్ఠంగా 34 జీబీ డేటా అందించగలిగితే, 3200 దగ్గర 51 జీబీ దాటుతుంది. 2133 దగ్గర 15 ఉన్న లేటెన్సీ 3200 దగ్గర 16కు పెరిగింది కదా అని కొందరు సందేహిస్తారు. ఆ అంకె క్లాకుల లెక్క మాత్రమే. కాలంలో చూస్తే 14 నానోసెకన్ల ఆలస్యం 10కి తగ్గింది. ఇదే ప్రాసెసర్‌కు ఒకే 16 జీబీ స్టిక్ కొంటే ఎంత వేగం పెట్టినా అందులో సగం దారి మూసుకుపోయినట్టే. నాలుగు స్లాట్ల బోర్డులో ఈ రెండు స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టడం మంచిది.

మన ప్రాంతంలో తప్పనిసరిగా చూసుకోవలసింది ఎండ. చలికాలంలో బాగా నడిచిన వేగమే, ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం తడబడవచ్చు. ర్యామ్ తడబాటు ఎప్పుడూ బ్లూ స్క్రీన్‌గానే బయటపడదు. ఒక్కోసారి జిప్ ఫైలు తెరుచుకోదు, దాచుకున్న ఫొటో చెడిపోయి ఉంటుంది. అందుకే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, గది వేడిగా ఉన్న వేళలోనే పూర్తిగా నడపాలి. ఒక్క తప్పు కనిపించినా 2933కు తగ్గించుకోవాలి. మా ఇంట్లో ఎండాకాలపు పరీక్షలోనూ ఈ కిట్ ఒక్క తప్పు చూపలేదు. నేను దీన్ని మెచ్చుకోవడానికి ముఖ్య కారణం అదే.

ఇంటెల్ హెచ్410 బోర్డు, ఐ5 10400 ఉన్నవారు 3200 కోసం అదనంగా ఖర్చు పెట్టవద్దు. అక్కడ 2666 దాటదు. 5600జీకి ఏఎండీ అధికారికంగా చెప్పిన హద్దు కూడా 3200యే కాబట్టి, ఓల్టేజీని, టైమింగులను (లేటెన్సీ వంటి అంకెలను) చేత్తో మార్చి 3600 వైపు వెళ్లమని కొత్తవారికి నేను చెప్పను. తరువాత 32 జీబీ కావాలనిపిస్తే, ఇదే పేరుతో ఉన్నా సరే, విడిగా కొన్న రెండో కిట్ మొదటిదానితో కలిసి 3200లో నడుస్తుందన్న భరోసా లేదు. ఆ అవసరం ముందే కనిపిస్తున్నవారు రెండు 16 జీబీ స్టిక్కులున్న కిట్‌నే కొనాలి.