ఎనిమిది ఊళ్ళలో షాపులు: ఒకటే సైటా, మల్టీసైటా, ఊరికో సైటా?

రాజమండ్రి, కాకినాడ, యానాం, అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం, తణుకు. ఈ ఎనిమిది చోట్లా ఒకే పేరుతో స్వీట్ షాపులు నడుస్తున్నాయనుకోండి. వెబ్‌సైట్ అనగానే అందరూ ముందు షాపులు లెక్కపెడతారు. కానీ ఏ షాపులో ఎవరు, ఏ సంగతి, ఎన్నాళ్ళకోసారి మార్చాలో ఒక కాగితం మీద రాసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సైటు వర్డ్‌ప్రెస్‌లోనే (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) అనుకుని చూద్దాం.

ఒకే సైటు, ఊరికో పేజీ

రకాలు, ధరలు, ఫొటోలు అన్నీ హెడ్డాఫీసులోనే తేలిపోయి, బ్రాంచిల్లో మారేది ఫోను నంబరు, వేళలు మాత్రమే అయితే ఇదే మేలు. పైన చెప్పిన ఎనిమిదింటికీ మేమిచ్చే సలహా కూడా ఇదే. కాకపోతే ఎనిమిది మామూలు పేజీలు టైపు చేసి పడేస్తే ఏడాది తిరిగేసరికి ఏ పేజీలో ఏ నంబరు పాతదో ఎవరికీ తెలీదు.

'బ్రాంచి' అని విడిగా ఒక కస్టమ్ పోస్ట్ టైప్ (మనకి కావలసినట్టు తయారుచేసుకునే పేజీ రకం) పెట్టి, వివరాలు నింపడానికి దానికి గళ్ళు ఇవ్వాలి. తెలుగు పేరు, ఇంగ్లిషు పేరు, డోరు నంబరు, పిన్‌కోడ్, ఫోను, వాట్సాప్, వేళలు, సెలవులు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, జీఎస్టీ నంబరు, అక్షాంశ రేఖాంశాలు. దశాంశం తర్వాత ఐదు అంకెలు వేస్తే మ్యాపులో గుర్తు మీటరు తేడాలో షాపు మీదే పడుతుంది. ఒక గడి మారిస్తే షాపు పేజీ, 'మా షాపులు' జాబితా, గూగుల్ చదివే స్కీమా (పేజీ వెనక దాగుండే వివరాల కోడ్) మూడూ మారేలా కట్టించుకోండి.

గళ్ళు ఎందుకంటే, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఏ షాపుది ఆ షాపుదే. హెడ్డాఫీసు నంబరు ఫుటర్‌లో (పేజీ అడుగున) వేసి అన్ని పేజీలకీ వదిలేస్తే ఏడు చోట్ల తప్పు. జీఎస్టీ అయితే ఏడు షాపులకి 37తో మొదలయ్యే ఒకటే నంబరు సరిపోతుంది, యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ 34. తమాషా ఏమిటంటే యానాం పిన్ 533464. పిన్ మొదటి మూడంకెలు చూసి రాష్ట్రం పట్టే బిల్లింగ్ ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రాము), యానాన్ని కాకినాడతో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో వేసేస్తుంది. చిరునామాలు పాత లెటర్‌హెడ్ నుంచి ఎక్కించకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక అమలాపురం కోనసీమ జిల్లా కేంద్రం, భీమవరం పశ్చిమ గోదావరి కేంద్రం అయ్యాయి.

పేజీ లింకులో ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ లింకులో తొమ్మిది అక్షరాలు పడతాయి. వాట్సాప్‌లో పంపితే 'భీమవరం' 54 అక్షరాల చెత్తలా కనిపించవచ్చు. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి ఇచ్చే చోటు 200 అక్షరాలే గనక, 22 తెలుగు గుర్తులు దాటితే తోక తెగిపోతుంది. పేజీ లోపల మాత్రం రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ రాయండి, జనం రెండూ వెతుకుతారు.

ఊరి పేరు ఒక్కటి మార్చి అదే పేరా ఎనిమిదిసార్లు అతికించే పనుంటే మానేయండి. గూగుల్ వాటిని డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ కిందే లెక్క. షాపు ఏ సెంటర్లో ఉంది, బండి ఎక్కడ పెట్టుకోవాలి, వేడి జిలేబీ ఎన్నింటికి దిగుతుంది, పెళ్ళి ఆర్డరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి రాస్తే పేజీ దానంతటదే వేరవుతుంది.

మల్టీసైట్

2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఇది వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. ప్రోగ్రాము ఒకటే, లోపల సైట్లు వేరు. ఒక్కో ఉపసైటుకి డేటాబేస్‌లో పది టేబుళ్ళు పడతాయి, యూజర్ల టేబులు మాత్రం అందరికీ ఒకటే. భీమవరం మేనేజరు తన ధరలు, తన ఆఫర్లు తనే పెట్టుకోవాలి, తణుకు పేజీ ముట్టుకోకూడదు అంటే ఇది పనికొస్తుంది.

చిక్కులు మొదటి వారంలోనే బయటపడతాయి. బ్రాంచి వాళ్ళు ఫోనులో తీసిన 4 ఎంబీ ఫొటో ఎక్కదు, ఎందుకంటే నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఫైలు పరిమితి మొదట 1500 కేబీ ఉంటుంది. గూగుల్ మ్యాప్ కోడ్ అతికించి సేవ్ చేస్తే మాయమవుతుంది. అలాంటి కోడ్ పెట్టే హక్కు సూపర్ అడ్మిన్‌కే (మొత్తం నెట్‌వర్క్ చూసుకునే మనిషికే) ఉంటుంది కాబట్టి మ్యాపుని థీమ్‌లోనే (సైటు రూపం తీర్చే ఫైళ్ళలోనే) అమర్చాలి. ఊరికో సబ్‌డొమైన్ (అసలు చిరునామాకి ముందు ఊరి పేరు, చుక్క చేర్చేది) అనుకుంటే డీఎన్ఎస్‌లో (సైటు పేరుని సర్వర్‌కి కలిపే పట్టికలో) నక్షత్రం గుర్తు రికార్డు, దానికి తగ్గ వైల్డ్‌కార్డ్ ఎస్ఎస్ఎల్ (అన్ని సబ్‌డొమైన్లకీ కలిపి ఒకే భద్రతా సర్టిఫికెట్) కావాలి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్‌ని డీఎన్ఎస్ ద్వారానే ఇస్తుంది. ఆ రెన్యువల్ ఆటోమేటిక్‌గా పెట్టకపోతే ఓ ఉదయం ఎనిమిది షాపులూ ఒకేసారి 'సురక్షితం కాదు' అంటాయి.

అసలు భయం బ్యాకప్‌తో. పాలకొల్లు సైటు పాడైందని మొత్తం డేటాబేస్ వెనక్కి తెస్తే మిగతా ఏడింటిలో నిన్నటి ఆర్డర్లు పోతాయి. ఆ సైటు నంబరున్న టేబుళ్ళు, ఆ సైటు అప్‌లోడ్ ఫోల్డరు మాత్రమే తేవాలి. ఇది చేయగల మనిషి దగ్గర్లో లేకపోతే మల్టీసైట్ జోలికి వెళ్ళొద్దు.

ఊరికో సైటు, పైన ఒక డాష్‌బోర్డు

షాపులు ఫ్రాంచైజీలై, ఒకరోజు విడిపోయే అవకాశం ఉంటే ఇదే దారి. మెయిన్‌డబ్ల్యూపీ లాంటి డాష్‌బోర్డు (అన్ని సైట్లనీ ఒకే చోటు నుంచి చూసుకునేది) ఒక చోట పెట్టి, ప్రతి సైటులో దాని చైల్డ్ ప్లగిన్ వేస్తే అప్‌డేట్లు, బ్యాకప్‌లు ఒకే తెర మీద కనిపిస్తాయి. అప్‌డేట్ ముందు ఒక చిన్న షాపు సైటుకి ఇచ్చి, ఒకరోజు చూసి మిగతావాటికి ఇవ్వండి. సైటు 'డిస్‌కనెక్ట్' అని చూపిస్తే ముందు ఆ సైటు ఫైర్‌వాల్ (బయటివాళ్ళని ఆపే కాపలా) చూడండి, డాష్‌బోర్డు సర్వర్ ఐపీని అడ్డుకుని ఉండొచ్చు. డాష్‌బోర్డుకి రెండంచెల లాగిన్ తప్పనిసరి, డాష్‌బోర్డు దొంగల చేతికి చిక్కిందంటే ఎనిమిది సైట్లూ చిక్కినట్టే. ఖర్చు కూడా ఎనిమిది డొమైన్లు, ఎనిమిది హోస్టింగులు.

మూడింట్లో ఏది ఎంచుకున్నా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాపులో షాపు వివరాలు చూపే పేజీ) ఊరికొకటి ఉండాల్సిందే. ఒక్కసారిగా అన్నీ వెరిఫై చేయించుకోవాలంటే కనీసం పది షాపులుండాలి, ఎనిమిదికి ఒక్కొక్కటే చేయించుకోవాలి. ప్రొఫైల్‌లో హోమ్‌పేజీ కాకుండా ఆ ఊరి పేజీ లింకే ఇవ్వండి. ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఇచ్చిన ఉచిత సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి, ఆ క్యూఆర్ కోడ్ ఇంకా డబ్బాల మీద ఉంటే కొత్తది అచ్చు వేయించాలి.

ఒకే సైటుతో మొదలుపెట్టి తర్వాత మల్టీసైట్‌కి మారదామనుకునేవాళ్ళకి ఒక మాట. నెల దాటిన సైటులో మల్టీసైట్ పెట్టబోతే వర్డ్‌ప్రెస్ సబ్‌డొమైన్లే ఇస్తానంటుంది, ఊరి పేరు ఫోల్డరులా (చిరునామా తర్వాత గీత పెట్టి) ఉండే పాత లింకులు అలాగే నిలవవు. కొత్తగా ఖాళీ నెట్‌వర్క్ పెట్టి, ఫోల్డర్ పద్ధతి ఎంచుకుని, పాత పేజీలు అందులోకి దిగుమతి చేసి, లింకులన్నీ తెరుచుకుంటున్నాయని చూశాకే డొమైన్‌ని కొత్త నెట్‌వర్క్ వైపు తిప్పండి. సంక్రాంతి, దసరా ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి.