పెరటి మొక్కలా, తామర గాబా, ఉద్యానవనాల సందర్శనా: మన నల్లగొండ నీళ్లకు ఏది మేలు?

నల్లగొండలో నూట యాభై గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి వెనుకవైపు మిగిలేది మహా అయితే రెండు మంచాలు, నాలుగు కుర్చీలు పట్టేంత జాగా. ఆ జాగాలో మొక్కలు పెంచాలా, చిన్న కొలను కట్టించాలా, లేక ఆ ఖర్చూ శ్రమా మాని సెలవు రోజుల్లో మంచి ఉద్యానవనాలకు వెళ్లి రావడమే మేలా అన్న ప్రశ్న మా వీధిలో కొత్త ఇల్లు లేచిన ప్రతిసారీ వినిపిస్తుంది. మా ఇంట్లో ఈ మూడింటినీ కొన్నేళ్లపాటు చేసి చూశాము. అందాన్నిబట్టి వీటిని పోల్చడం మన ప్రాంతంలో కుదరదని, నీళ్లనుబట్టి పోల్చాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు; తెరిచి ఉంచిన నీళ్లలోంచి అదే ఏడాదిలో ఆవిరై పోయేది దానికి రెట్టింపుకు మించి ఉంటుంది. మిగిలిన లెక్కలన్నీ దీని తరువాతనే.

పెరటి మొక్కల సంగతి ముందుగా చూద్దాము. పన్నెండు అంగుళాల కుండీలో పెరిగిన మందారానికి మే నెలలో రోజుకు రెండు లీటర్ల నీళ్లు కావాలి. ఇరవై కుండీలుంటే నలభై లీటర్లు, అంటే మూడు బకెట్లు. ఇది పెద్ద భారం కాదు. అసలు చిక్కు ఆ నీళ్లు ఎలాంటివన్న దగ్గర వస్తుంది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నదని, తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ఈ జిల్లాలో చదువు రానివారు కూడా చెప్పగలరు. కానీ ఆ నీళ్లు కొన్ని మొక్కలకూ పడవన్న విషయం నర్సరీలో ఎవరూ చెప్పరు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ వంటి వాటికి ఆకుల కొనలు మాడినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. మేము దానిని ఎండదెబ్బ అనుకొని కుండీలను నీడకు జరుపుతూ, ఇంకా ఎక్కువ నీళ్లు పోస్తూ రెండేళ్లు గడిపాము. అలాగే బోరు నీళ్ల క్షారగుణం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. మందారం, మల్లె లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఎరువు ఎంత వేసినా అది మారదు. వాన నీళ్లు పట్టి పోస్తే మారుతుంది. వంద గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎనిమిది వందల లీటర్లకు పైగా నీళ్లు వస్తాయి కనుక, గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టుకోవడం నా దృష్టిలో ఏ ఖరీదైన మొక్క కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

ఈ నీళ్లకు తట్టుకొని నిలిచేవి గన్నేరు, నందివర్ధనం, కాగితపు పూలు, బంతి. ఇవి ఏమంత అపురూపమైనవి కావని కొందరు చిన్నచూపు చూస్తారు, నేను ఒప్పుకోను. బతుకమ్మ నాటికి పెరట్లోని బంతి, చామంతి కోసుకొని, చెలకల గట్ల నుంచి తెచ్చిన తంగేడు, గునుగు పూలతో కలిపి పేర్చే ఇంటికి ఆ తొమ్మిది రోజులు కలిగే సంబరం ఏ ఉద్యానవనమూ ఇవ్వలేదు. అక్కడ పువ్వు కోయడం నేరం, ఇక్కడ పువ్వు కోయడానికే పెంచుతాము.

ఇక కొలను. ఇందులో మేము చేసిన పొరపాటు వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇల్లు కట్టే సమయంలో ఎక్కువమంది చేసే పొరపాటు అదే. పెరట్లో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండడుగుల లోతున సిమెంటు గుంట కట్టించి, మధ్యలో చిన్న ఫౌంటెన్ పెట్టించాము. ఎండాకాలం నడుమ మన దగ్గర రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు మందం నీళ్లు ఆవిరవుతాయి. ఆ గుంట విస్తీర్ణానికి అది రోజుకు అరవై లీటర్లు, అంటే ముప్పై కుండీలకు సరిపోయే నీళ్లు. రోహిణి కార్తెలో బోరు సన్నబడి, మిషన్ భగీరథ కుళాయి నీళ్ల కోసం ఎదురుచూస్తున్న రోజున మా అత్తమ్మ, "బిడ్డా, మనకే నీళ్లు సాలకుంటే ఆ గుంటల పోసుడెందుకు?" అని అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఫౌంటెన్ వల్ల మరొక నష్టం కూడా జరిగింది. కలువలకూ తామరలకూ నిశ్చలమైన నీళ్లు కావాలి. ఆకుల మీద ఎడతెగకుండా తుంపర పడితే అవి కుళ్లిపోతాయి. నేల మీద కాకుండా డాబా మీద ఇలాంటి గుంట కట్టించాలనుకునేవారు ఒక లెక్క తప్పక వేసుకోవాలి: ఆ కొలత గుంటలో పట్టే నీళ్ల బరువే మూడున్నర టన్నులు దాటుతుంది.

అంతమాత్రాన నీటి పూలను వదులుకోనక్కరలేదు. రెండున్నర అడుగుల వెడల్పున్న గాబు, అంటే గుండ్రని నీళ్ల తొట్టి, ఒక్కటి చాలు. దానిలోంచి మే నెలలో ఆవిరయ్యేది రోజుకు నాలుగైదు లీటర్లు మాత్రమే, అంటే రెండు కుండీల నీళ్లు. అడుగున ఆరు అంగుళాల మేర రేగడి మన్ను గానీ చెరువు ఒండ్రు గానీ వేయాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేస్తే నీళ్ల మీద తేలి గాబంతా మురికి చేస్తుంది. తామర దుంపను మొలక విరగకుండా అడ్డంగా పరిచి, మొదట రెండు మూడు అంగుళాల నీళ్లు పోసి, ఆకులు పెరిగేకొద్దీ పెంచుతూ పోవాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట తామర ఆకులు వేస్తుంది గానీ మొగ్గ వేయదు. చలికాలంలో ఆకులన్నీ ఎండిపోతే చచ్చిపోయిందని గాబు బోర్లించవద్దు. దుంప మట్టిలో నిద్రపోతుంది, మాఘమాసంలో దానిని తీసి విడదీసుకోవచ్చు.

తామర, కలువలలో ఏది అని అడిగితే, అది ఇంట్లోవారి పనివేళలనుబట్టి ఉంటుంది. తామర పొద్దున విచ్చుకొని ఎండ ముదిరే వేళకు ముడుచుకుంటుంది. ఎనిమిదింటికి బస్సెక్కి రాత్రి ఏడింటికి తిరిగివచ్చే ఉద్యోగి దానిని ఆదివారం తప్ప చూడలేడు. రాత్రి పూసే తెల్ల కలువ, ఎర్ర కలువ పొద్దుగుంకినాక విచ్చుకొని మరునాటి ఉదయం దాకా నిలుస్తాయి కనుక అలాంటివారికి అవే తగినవి. దోమల భయం న్యాయమైనదే: డెంగీని మోసే దోమ నిలిచిన మంచి నీళ్లలోనే గుడ్లు పెట్టి, వారం పది రోజుల్లో పెరిగి ఎగురుతుంది. నాలుగైదు గప్పీ చేపలు వేస్తే ఆ పిల్ల పురుగులను తినివేస్తాయి. చేపలు ఉంచడం ఇష్టం లేనివారు గాబు పెట్టుకోకపోవడమే మంచిది.

ఉద్యానవనాల సందర్శనను పై రెండింటికీ పోటీగా చూడడం నాకు సరిగా తోచదు. ఇంట్లో ఎంత ప్రయత్నించినా దొరకనివి అక్కడ ఉన్నవి: పెద్ద చెట్టు, దాని వయసు, విశాలమైన నీడ. మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లుంటాయని చెబుతారు. మూడెకరాలకు పైగా ఊడలు దింపిన ఆ ఒక్క చెట్టుకు 2018లో చెదలు పడితే, సెలైన్ సీసాల్లో మందు నింపి బొట్టుబొట్టుగా కాండంలోకి ఎక్కించి కాపాడారు. మొక్కను బతికించడానికి మనిషి ఎంత ఓపిక పడతాడో పిల్లలకు చూపడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. నల్లగొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా అక్కడికి వెళ్లేవారు దారిలో జడ్చర్లలో ఆగి, డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రాంగణంలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను చూడాలి. మన అడవుల్లోని మొక్కలను అక్కడ చేర్చి పెంచుతున్నారు. నాగార్జునసాగర్ దగ్గర 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు. దానిని చలికాలపు ఉదయాన చూస్తేనే నడక హాయిగా ఉంటుంది.

అయితే ఈ ప్రయాణాలు ఏడాదికి రెండో మూడో. నెలనెలా నీటి ఒడ్డున కూర్చోవాలనిపించే నల్లగొండవారికి పానగల్లు ఉదయసముద్రం ఉండనే ఉన్నది. కందూరు చోళుల కాలం నాటి ఆ చెరువులోకి ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తాయి. కట్ట మీద తెల్లవారుజామున నడిస్తే కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి. అంత నీరు అంత దగ్గరలో ఉండగా పెరట్లో సిమెంటు కొలను కట్టించడం నాకు ఇప్పుడు అనవసరంగా కనిపిస్తుంది.

కాబట్టి నా తీర్పు సూటిగా చెబుతాను. సొంత ఇల్లుండి వాన నీళ్లు పట్టుకోగలిగినవారికి పది పదిహేను పూల మొక్కలు, ఒక గాబు మేలు. అద్దె ఇంట్లోవారికి గాబు ఒక్కటే మేలు, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు నీళ్లు పారబోసి దుంపను తడి గోనెలో చుట్టి తీసుకుపోవచ్చు. రోజూ నీళ్లు పోసే మనిషి ఇంట్లో లేనివారు మొక్కలు తెచ్చి ఎండబెట్టడం కన్నా ఆ డబ్బుతో పిల్లలను పిల్లలమర్రికి తీసుకువెళ్లడం మంచిది. సిమెంటు కొలను మాత్రం నేను ఎవరికీ చెప్పను. మా గుంట అడుగున రంధ్రాలు వేయించి, రేగడి మన్నుతో నింపి పారిజాతం నాటాము. తెల్లవారేసరికి పూలు నేల మీద రాలి ఉంటాయి, అత్తమ్మ వాటిని ఏరుకుంటుంది. ఈ మాఘంలో తామర దుంపలు విడదీసి, అడిగి ఉంచుకున్న పక్కింటివారికి ఇవ్వవలసి ఉన్నది.