ఇంజెక్షనా, ఆపరేషనా? ముందు పాదం ఎంత వంగుతుందో చూడాలి

"సార్, ఇంజెక్షన్ మంచిదా, ఆపరేషన్ మంచిదా?" నల్లగొండలో సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లలకు ఫిజియోథెరపీ చేసే నన్ను ప్రతి వారం ఎవరో ఒక తల్లి ఇదే అడుగుతుంది. మునివేళ్ల మీద నడిచే నాలుగేళ్ల బిడ్డను చంకనేసుకుని దేవరకొండ నుంచి వచ్చిన ఆమెకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపలేను.

మన జిల్లాలో కాళ్లు వంకర అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తుకొస్తాయి. ఈ పిల్లల సంగతి అది కాదు. దెబ్బతిన్నది మెదడు, బిగుసుకునేది కండరం. ఎముక పెరిగినంత వేగంగా ఆ కండరం పెరగదు. అందుకే మెదడులోని దెబ్బ ముదరకపోయినా కాలి వంకర ఏటేటా ముదురుతుంది.

నా దృష్టిలో అన్నింటినీ తేల్చేది ఒక్కటే: ఆ బిగుతు ఇంకా సాగుతోందా, గట్టిపడిపోయిందా? బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని పైకి వంచుతాను. వేగంగా వంచితే ఒకచోట టక్కున ఆగుతుంది. నెమ్మదిగా వంచితే ఇంకొంత వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే ఇంజెక్షన్, అంటే బిగుసుకున్న కండరాన్ని కొన్ని నెలలు వదులు చేసే బొటాక్స్, పనికొస్తుంది. ఎంత నెమ్మదిగా వంచినా అక్కడే ఆగితే, గాఢనిద్రలోనూ పాదం అలాగే ఉంటే, కండరం పొట్టిదైపోయినట్టు. బొటాక్స్ దాన్ని పొడవు చేయలేదు. తర్వాత మోకాలు మడిచి మళ్లీ చూస్తాను. అప్పుడు పాదం సులువుగా పైకి వస్తే బిగుతు పిక్క పైకండరంలోనే ఉంది. మడమ నరం (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి తాడు లాంటి స్నాయువు) జోలికి పోనక్కర్లేదు.

బొటాక్స్ ప్రభావం రెండు వారాల లోపే కనిపిస్తుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఆ నెలల్లో పిండికట్టు వేసి, వారం పది రోజులకోసారి మార్చి, తర్వాత స్ప్లింట్ (పాదాన్ని సరిగ్గా నిలిపి ఉంచే గట్టి తొడుగు) తొడిగి, రోజూ వ్యాయామం చేయిస్తేనే ఆ సూదికి ఫలితం. పాలమూరు నుంచి ముంబై, పుణే పనులకు వలస వెళ్లే కుటుంబాల్లో ఆ మూడు నెలలూ స్ప్లింట్ సంచిలోనే ఉండిపోతుంది. వాళ్లు "ఒక్కసారి కోసి సరిచేయండి" అనడం నాకు అర్థమవుతుంది.

అయినా ఆరేళ్ల లోపు మడమ నరం కోయించవద్దనే చెబుతాను. బిడ్డ పెరిగేకొద్దీ బిగుతు మళ్లీ వచ్చే అవకాశం ఆ వయసులో ఎక్కువ. రెండు కాళ్లూ బిగుసుకున్న పిల్లలకు ఆ నరం మరీ వదులైతే అంతకన్నా నష్టం. అచ్చంపేట వైపు నుంచి ఒక బాబు వచ్చాడు. నాలుగేళ్లప్పుడు రెండు మడమలకూ కోత పడింది. మడమలు నేలకు ఆనాయని రెండేళ్లు ఇంట్లో అందరూ సంతోషించారు. తొమ్మిదేళ్లకు నా దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు వంగి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుస్తున్నాడు, పది అడుగులకే తొడలు వణుకుతున్నాయి. మునివేళ్ల నడక కన్నా దాన్ని సరిచేయడం చాలా కష్టం.

అందుకే నడిచే పిల్లలకు ఆరేడేళ్ల వరకు ఇంజెక్షన్, కట్టు, స్ప్లింట్‌తో నెట్టుకురావడమే మేలంటాను. ఆ తర్వాత నడకను పూర్తిగా పరిశీలించి తుంటి, మోకాలు, పాదం అన్నింటికీ ఒకే ఆపరేషన్‌లో చేయించాలి. ఏటా ఒకచోట కోయించే పద్ధతికి కెనడా సర్జన్ మెర్సర్ రాంగ్ 'బర్త్‌డే సిండ్రోమ్' అని పేరు పెట్టారు: పుట్టినరోజు వచ్చిందంటే బిడ్డ ఆసుపత్రిలోనే. అయితే ఒకేసారి చేయించినా కోలుకోవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది వలస వెళ్లకుండా ఉండే వీలుందా అని ముందే అడుగుతాను.

కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు ఒళ్లంతా బిగుసుకున్న పిల్లలకు కొంత ఉపశమనం. వెన్ను దగ్గర నరాల పోగులు కత్తిరించే రైజాటమీ కొద్దిమందికే సరిపోతుంది.

తుంటి విషయంలో మాత్రం ఆరేళ్లదాకా ఆగమనను. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2006లో వెలువడిన అధ్యయనంలో, అన్నింటికీ ఇతరుల మీదే ఆధారపడే పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందికి తుంటి కీలు పక్కకు జరిగింది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. కాళ్లు కత్తెరలా పడే బిడ్డకు, తొడలు విడదీసి గుడ్డ మార్చడం కష్టమయ్యే బిడ్డకు తుంటి ఎక్స్‌రే వెంటనే తీయించండి. డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ తీయించండి.

నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ ఫిల్ములతో పాటు పాత స్ప్లింట్ కూడా తెండి. పట్టీ ఎక్కడ అరిగిందో, చర్మం ఎక్కడ కమిలిందో చూశాకే తర్వాతి మాట చెప్పగలను.