పాత బండి గాలి లాగుతుంటే స్మోక్ మెషిన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇంజన్‌లోకి పక్కదారిన గాలి చొరబడే లీకుని పొగ ఎక్కించి వెతికే స్మోక్ మెషిన్ కొనొచ్చా అంటే, కొనొచ్చు. కానీ ఇంజన్ గాలి పీల్చే బలాన్ని ముల్లుతో చూపే వాక్యూమ్ గేజ్ లేకుండా ఇదొక్కటే కొంటే డబ్బు సగం దండగ. పొగ లీకు ఎక్కడుందో చూపిస్తుంది. అసలు లీకు ఉండొచ్చని ముందుగా చెప్పేది గేజే.

గేజ్ చదవడంలో మన ఊళ్లో చాలామంది పొరబడతారు. స్లోలో (బండి నిలబడి ఇంజన్ ఊరికే నడుస్తుంటే) గేజ్ మీద 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) ఉండాలన్నది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున దాదాపు రెండు తగ్గించుకోవాలి. ఇక్కడ ముల్లు 16 దగ్గర కదలకుండా నిలబడితే ఇంజన్ బాగున్నట్టే. 11, 12 దగ్గర పడుకుంటే గాలి లాగుతోందని అనుమానించాలి, టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే సమయం) వెనకబడినా ఇలాగే చూపిస్తుంది. ముల్లు టకటకా కొట్టుకుంటే వాల్వుల సంగతి చూడండి, పొగ అక్కర్లేదు.

నేను వాడేది 12 వోల్టుల చిన్న మెషిన్. ఒక్కో పరీక్షకు బేబీ ఆయిల్ రెండు మూడు చెంచాలు చాలు. పొగ ప్రెషర్ 1 పీఎస్‌ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) దాటనివ్వొద్దు, సీళ్లు పాడవుతాయి. కార్బురేటర్ మారుతి 800 అయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోటికి రబ్బరు గ్లోవ్ బిగించి కట్టాలి. బ్రేక్ బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో బ్రేకు తేలిక చేసే డబ్బా) పైపు ఊడదీసి, మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టం) వైపు నుంచి పొగ ఎక్కించాలి. పెట్రోలు ఆవిరి ఉంటుంది కాబట్టి మెషిన్‌ని దూరంగా, వేరే బ్యాటరీ మీద నడపడం మేలు. ఫ్యాన్ ఆపి, అయిదు నిమిషాలు ఆగి, టార్చి పక్కవాటుగా వేయండి.

లీకు ఎక్కువసార్లు దొరికేది డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ పైపు (వాక్యూమ్‌తో టైమింగ్ ముందుకు జరిపే సన్న పైపు) కొస. మన ఎండలకు, ఇంజన్ వేడికి రబ్బరు అప్పడంలా పెళుసెక్కుతుంది. చూస్తే ఏమీ కనిపించదు. వేలితో కాస్త వంచితే వెంట్రుకవాసి పగులు తెరుచుకుని, దారంలా సన్నటి పొగ లేస్తుంది. తర్వాత మానిఫోల్డ్ ప్యాకింగ్, థ్రాటిల్ షాఫ్ట్ (కార్బురేటర్‌లో గాలి తలుపు తిరిగే ఇరుసు) అరిగిన చోటు. పీసీవీ పైపు (ఇంజన్ ఆయిల్ గది ఆవిరిని మానిఫోల్డ్‌లోకి లాగేది) తగిలించి ఉంటే డిప్‌స్టిక్ దగ్గర పొగ రావడం మామూలే. సైలెన్సర్‌లోంచి వస్తే వాల్వులు తెరుచుకుని ఉన్నాయేమో, క్రాంకు కాస్త తిప్పి మళ్లీ చూడండి.

ఈ మెషిన్‌కి చేతకానిది ఒకటుంది: బూస్టర్ లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగిందేమో చూడటం. పైపు తీసేసి పొగ ఎక్కిస్తున్నాం కాబట్టి బూస్టర్ పరీక్షకే రాదు. వేరే చోటు నుంచి ఎక్కించినా వన్‌వే వాల్వ్ పొగను అటు పోనివ్వదు. దానికి స్లోలో ఆ పైపుని ప్లయర్‌తో మెత్తగా నొక్కి, ఇంజన్ సర్దుకుంటుందేమో చూడాలి. బ్రేకు విషయం, వదిలేయొద్దు.

లీకు వెతకడానికి కొందరు వాడే కార్బ్ క్లీనర్ స్ప్రే చవకే, కానీ నడుస్తున్న ఇంజన్ మీద కొడతాం. ప్లగ్ వైరు లీకవుతుంటే మంట అంటుకుంటుంది. కార్బురేటర్ స్క్రూ తిప్పి స్లో సరిచేశామనడం ఇంకా పెద్ద తప్పు, లీకు అలాగే ఉండిపోతుంది.

కొత్త పైపు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తీసుకోండి. బూస్టర్‌కి లోపల దారం అల్లిక ఉన్న వాక్యూమ్ పైపే వేయాలి, మామూలుది వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. పీసీవీకి సిలికాన్ వద్దు, ఆయిల్‌కి ఉబ్బుతుంది. మెషిన్ కొనేటప్పుడు నూనె మట్టం బయటికి కనిపించేది చూసుకోండి. నూనె అయిపోయాక నడిపితే హీటర్ కాలిపోతుంది.