లైబ్రరీ డ్యూటీ చార్ట్ సాఫ్ట్‌వేర్ కొనేముందు మాకు జరిగింది చదవండి

మొన్న విజయనగరం నుంచి తెలిసిన లైబ్రేరియన్ గారొకరు ఫోన్ చేశారు. "డ్యూటీ చార్ట్‌కి మీరేదో సాఫ్ట్‌వేర్ వాడుతున్నారట కదండీ, వాళ్ళ మనిషి మా దగ్గరికీ వచ్చాడు, మీ పేరే చెప్పాడు" అన్నారు. దాన్ని వదిలించుకోలేక మేము తిప్పలు పడుతుంటే, మా పేరు చెప్పి పక్క జిల్లాలో అమ్ముతున్నారన్నమాట. అందుకే ఈ పోస్టు. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయను. లక్షణాలు రాస్తాను, మీ దగ్గరికొస్తే మీరే గుర్తుపడతారు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్ళే దూరంలో మా ట్రస్టు గ్రంథాలయం ఉంది. కింద పేపర్లు, పుస్తకాలు ఇచ్చే కౌంటరు, పిల్లల గది. మేడ మీద గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునేవాళ్ళ స్టడీ హాలు, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా. ఆమదాలవలసలో చిన్న బ్రాంచి. అన్నిటికీ కలిపి సిబ్బంది తొమ్మిది మంది. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం పెట్టిన ఊరు కదా, ఇక్కడ లైబ్రరీ అంటే జనానికి కొంచెం మమకారం ఎక్కువే. తలుపు పది నిమిషాలు ఆలస్యంగా తీసినా అడుగుతారు. ఎవరు ఏ పూట ఎక్కడ కూర్చోవాలో రాసే పని నాది. గోడ మీద తెల్ల బోర్డు, మార్కర్, వాట్సాప్‌లో బోర్డు ఫొటో. అంతే.

2025 మార్చిలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "ప్రత్యేకంగా లైబ్రరీల కోసం చేసింది సార్, మనిషికి నెలకు అరవై రూపాయలే." డెమో బ్రహ్మాండంగా ఉంది. నలభై మంది సిబ్బంది, తొమ్మిది నుంచి ఐదు, ఆదివారం సెలవు, తెర అంతా పచ్చ రంగు. మా తొమ్మిది మంది పేర్లతో, మా వేళలతో ఒక్క వారం వేసి చూపించమని నేను అడగలేదు. ఆ ఒక్కటీ అడిగుంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

తొమ్మిది మందికి నెలకు 540 అని లెక్కేసుకున్నాం. బిల్లు చూస్తే కనీసం పదిహేను మంది ప్యాక్ తీసుకోవాలట, అదీ ఏడాదికి ముందుగానే కట్టాలి. 10,800, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 1,944, మొత్తం 12,744. సరే, రేపు మనుషులు పెరుగుతారు కదా అని కట్టేశాం.

అసలు చిక్కు మొదటి వారంలోనే బయటపడింది. మా దగ్గర ఆరుగురు ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు చేస్తారు. పాఠకులు వచ్చేది ఆ రెండు పూటలే. మన జిల్లాల్లో లైబ్రరీలో పనిచేసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక మనిషికి రోజుకు ఒకే డ్యూటీ తీసుకుంటుంది. ఫోన్ చేస్తే "ఎనిమిది నుంచి ఏడు అని వేసేయండి సార్" అన్నారు. వేశాం. నెలాఖరుకు రిపోర్టులో ఒక్కొక్కరికీ రోజుకు మూడు గంటల ఓవర్‌టైమ్! మా కోశాధికారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూశారు.

అప్పుడు రెండో ఉపాయం చెప్పారు. ఒక్కో మనిషిని రెండుసార్లు ఎక్కించాలి, ఒకసారి ఉదయం మనిషిగా, ఇంకోసారి సాయంత్రం మనిషిగా. ఆరుగురు పన్నెండు మందయ్యారు, మిగతా ముగ్గురితో కలిపి సరిగ్గా పదిహేను. ప్యాక్ నిండిపోయింది. జూన్‌లో పార్ట్‌టైమ్‌కి ఒకమ్మాయిని తీసుకుంటే పదహారో పేరు పట్టలేదు, ఇరవై ఐదు మంది ప్యాక్ కొనమన్నారు. ఇంకో వినోదం చూడండి. ఎవరైనా జ్వరమొచ్చి సెలవు పెడితే ఉదయం మనిషికే సెలవు పడుతుంది. సాయంత్రం మనిషి డ్యూటీలోనే ఉంటాడు. ఆ జ్వరం మనిషి సాయంత్రం రాలేదని ఆబ్సెంట్ వేసి, నాకు అలర్ట్ పంపేది.

లైబ్రరీల కోసమే చేశామన్న మాట ఎంత నిజమో స్టాక్ వెరిఫికేషన్ రోజుల్లో, అంటే ఉన్న పుస్తకాలన్నీ లెక్క సరిచూసే రోజుల్లో తెలిసింది. మాకు కావాల్సింది ఎంతమంది వచ్చారన్నది కాదు, కౌంటరులో ఎవరున్నారు, పేపర్ల హాల్లో ఎవరున్నారు, పిల్లల గదిలో ఎవరున్నారన్నది. ఆ పూట వచ్చిన ఇద్దరూ ర్యాకుల దగ్గర నంబర్లు సరిచూస్తుంటే కౌంటరు ఖాళీ. తెర మీద మాత్రం పచ్చగా ఉంది, ఇద్దరు వచ్చారు కాబట్టి. ఏ బట్టల షాపుకో ఫ్యాక్టరీకో రాసినదానికి పైన "లైబ్రరీ" అని అట్ట అంటించారని నా అనుమానం.

పుస్తకాల లెక్కకి మేము కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడతాం. "కోహాతో కనెక్ట్ అవుతుంది సార్" అని కూడా చెప్పాడా కుర్రాడు. కోహా చూసేది పుస్తకాలనీ సభ్యులనీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ళ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఈ-గ్రంథాలయ అయినా అంతే. సిబ్బందికి డ్యూటీలు వేయడం వాటి పని కాదు. మరి అక్కడి నుంచి ఏం తెచ్చుకుంటారని నాకు తట్టలేదు. తీరా చూస్తే, మా సిబ్బంది పేర్లు ఎక్సెల్‌లో రాసిస్తే వాళ్ళు ఎక్కించుకోవడమే ఆ కనెక్షన్.

ఎస్సెమ్మెస్‌లు కూడా ఉచితమే అన్నారు. మా అటెండర్లిద్దరిదీ బటన్ల ఫోన్, వాళ్ళ యాప్ పడదు, కాబట్టి వాళ్ళకి ఎస్సెమ్మెస్సే దిక్కు. అయితే ఒక సంస్థ పేరుతో మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ఆ సంస్థ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో రిజిస్టరు కావాలి, పంపే ప్రతి మెసేజ్ నమూనాకీ ముందే అనుమతి తీసుకోవాలి. అది మీరే చేసుకోవాలి, ఫీజూ మీదే అని డబ్బు కట్టాక చెప్పారు. మా పెద్ద అటెండర్ "బాబూ, నాకు ఆ బోర్డే సాలు, ఎల్లేటప్పుడు సూసుకుని ఎల్తాను" అన్నాడు. యాప్ ఉన్నవాళ్ళ బాధ వేరు. సెల్ఫీ తీసి లొకేషన్ పంపితేనే హాజరు. డ్యూటీ అయిపోయాక కూడా లొకేషన్ ఆన్‌లోనే ఉంటోందని మా మేడమ్‌లు గమనించి చెప్పారు. ఆ రోజే ఆ లొకేషన్ ఆపించేశాను.

రథసప్తమి నాటి సంగతి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం, దారులు మళ్ళిస్తారు, ఆ వైపు ఇళ్ళున్నవాళ్ళు బయటికి రావడమే కష్టం. అందుకని ఆ రోజు అటు ఉండేవాళ్ళకి సెలవిచ్చి మిగతావాళ్ళతో హాలు నడుపుతాం. సెలవుల జాబితాలో 2025 రథసప్తమి ఫిబ్రవరి 4 అని ఎక్కించాం. మన పండగలు తిథుల మీద వస్తాయి, తేదీలు మారతాయి అన్న సంగతి దానికి తెలియదు. అదే తేదీని 2026కీ దించేసింది. ఆ ఏడాది రథసప్తమి జనవరి 25, ఆదివారం. స్టడీ హాలు నిండిపోయే రోజు. చార్టులో ఉదయం ఆరింటి డ్యూటీ, తాళం చెవులతో సహా, అరసవల్లి దగ్గరుండే ఇద్దరికే పడింది. వాళ్ళు ఎప్పటిలాగే సెలవనుకున్నారు. నేనూ బోర్డు రాయడం మానేసి ఆ యాప్‌నే నమ్ముకున్నాను. గేటు ముందు చలిలో ముప్పై మంది పిల్లలు, పుస్తకాల సంచులతో. ఏడున్నరకి నేను డూప్లికేట్ తాళంతో వెళ్ళి తీశాను. పది రోజుల తర్వాత, ఫిబ్రవరి 4 బుధవారం, ఏ పండగా లేని రోజున "ఈ రోజు మీకు సెలవు" అని అందరికీ అలర్ట్. ఒకరు నిజంగానే రాలేదు. ఆయన్ని ఏమనగలను?

ఇక మానేద్దాం అనుకునేలోపే మార్చిలో 13,806 రూపాయలు ఖాతాలోంచి పోయాయి. మనిషికి అరవై ఐదు చేశారట. మొదటిసారి కట్టినప్పుడు ఆటోపే పెట్టించారు, నేను చదవకుండా ఓకే కొట్టాను. పదిహేను వేలలోపు ఇలాంటి కోతలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. 24 గంటల ముందు ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ఆ మెసేజ్ ట్రస్టు పాత ఫోన్‌కి వచ్చింది, ఆ ఫోన్ బీరువాలో ఉంది. మీరు ఇలాంటిది ఏదైనా కట్టి ఉంటే, ఇప్పుడే మీ యూపీఐ యాప్‌లోనో బ్యాంకు యాప్‌లోనో ఆటోపే పేజీ తెరిచి చూడండి. అక్కడే రద్దు చేసుకోవచ్చు, కంపెనీని బతిమాలక్కర్లేదు.

డబ్బు వెనక్కి అడిగితే ఒప్పందంలో లేదన్నారు. కనీసం ఏడాది హాజరు లెక్కలు ఎక్సెల్‌లో ఇమ్మంటే పీడీఎఫ్ మాత్రమే వస్తుందన్నారు, అదీ నెలకొకటి. వివాదాలు వాళ్ళ ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని ఒక షరతు కూడా చూపించారు. దానికి నేను భయపడలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానున్న చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. వ్యాపారం కోసం కొన్నవాళ్ళని ఆ చట్టం వినియోగదారుగా లెక్కపెట్టదు. స్టడీ హాలుకి ఫీజు తీసుకుంటారు కదా, మీది వ్యాపారమే అని వాళ్ళ వాదన. మాది లాభం చూసుకునే సంస్థ కాదని మా వాదన. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, వకీలు గారితో నోటీసు రాయిస్తున్నాం.

విజయనగరం లైబ్రేరియన్ గారికి ఫోన్లో చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఆ కుర్రాడు వస్తే టీ ఇవ్వండి, పాపం వాడిదేం లేదు. కానీ మీ పైడితల్లి జాతర సిరిమానోత్సవం వారం చార్ట్ వేయించండి, మీ వాళ్ళ అసలు పేర్లతో, రెండు పూటల డ్యూటీతో. ఆ జాతర మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు సెలవు పెట్టారనుకుని కౌంటరులో ఎవరున్నారో చూపించమనండి. నెల నెలా కట్టే పద్ధతి ఉందా, లెక్కలన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఆటోపేకి ఓకే కొట్టకండి.

మా గోడకి బోర్డు మళ్ళీ ఎక్కింది. పక్కన గూగుల్ షీట్ ఒకటి పెట్టాం, మా పార్ట్‌టైమ్ అమ్మాయి ఒక్క సాయంత్రంలో చేసింది. రెండు పూటలకీ రెండు వరసలు, కౌంటరు గడి ఖాళీగా ఉంటే ఎర్రబడుతుంది. ఆ షీట్ ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో అడగండి, కాపీ ఇస్తాను.