తల్లి ఇచ్చిన బాక్టీరియానా, మట్టిలో దొరికిన బాక్టీరియానా: పురుగుకు ఏది మేలు?

పేనుబంక తాగేది మొక్క రసం ఒక్కటే. అందులో చక్కెరకు కొదవ లేదు, కానీ ఒళ్లు పెరగడానికి కావలసిన ముఖ్యమైన అమైనో ఆమ్లాలు చాలా తక్కువ. ఆ లోటు తీర్చేది దాని ఒంట్లోనే, ప్రత్యేక కణాల్లో ఉండే బుక్నెరా అనే బాక్టీరియా. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు అందుతుంది.

చిక్కుడు జాతి మొక్కల మీద బతికే రిప్టోర్టస్ నల్లికి ఆ భాగ్యం లేదు. తల్లి నుంచి ఏమీ రాదు. పిల్లగా ఉన్నప్పుడే మట్టిలోని బర్ఖోల్డేరియా అనే బాక్టీరియాను నోటితో తీసుకోవాలి. మట్టిలో ఎన్నో రకాల సూక్ష్మజీవులు ఉంటాయి కదా! అయినా పేగులోని ఒక సన్నని దారి చాలావాటిని ఆపేసి, సరైనదాన్నే లోపలికి వదులుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇదే.

పైకి చూస్తే వారసత్వమే మేలు, దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ ఉండదు. కానీ కోట్ల ఏళ్లుగా కణాల్లోనే బందీగా ఉన్న బుక్నెరా తన జన్యువులను చాలావరకు పోగొట్టుకుంది. 2000లో దాని జన్యుపటం చదివితే తేలినవి దాదాపు 6.4 లక్షల డీఎన్ఏ అక్షరాలే. దాని దగ్గరి చుట్టం ఈ.కోలైకి 46 లక్షలు. బయట బతకలేదు, వేడికి తట్టుకోలేదు. బుక్నెరా డీఎన్ఏలో ఒకానొక చోట ఒక్క అక్షరం పోయినా, చిన్నతనంలో వేడి తగిలిన పేనుబంకకు పిల్లలు పుట్టడమే కష్టమవుతుందని 2007లో తేలింది. తప్పు బాక్టీరియాది, నష్టం పురుగుది. మార్చుకుందామంటే వేరే బుక్నెరా దొరకదు.

నల్లికి ఆ చిక్కు లేదు. ప్రతి తరమూ మట్టిలో ఉన్నదాన్ని కొత్తగా తీసుకుంటుంది. ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందు పదేపదే చల్లిన నేలలో ఆ మందును విరగ్గొట్టే బర్ఖోల్డేరియా పెరుగుతుందని, దాన్ని తీసుకున్న నల్లి మందుకు తట్టుకుంటుందని జపాన్ శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. నల్లి జన్యువుల్లో ఏ మార్పూ లేదు!

అలాగని మట్టి దారి అందరికీ పనికిరాదు. బాక్టీరియా దొరక్కపోతే నల్లి చిన్నగా, నెమ్మదిగానైనా పెరిగి పెద్దదవుతుంది. పేనుబంకకు బుక్నెరా లేకపోతే సంతానమే దాదాపు ఆగిపోతుంది. ఒక్కసారి తప్పినా బతకగలిగే పురుగుకే మట్టి మేలు. ఆ వెసులుబాటు లేనిదానికి తల్లి ఇచ్చిందే దిక్కు.